బాన మీద తెల్లపూత

మాచర్లలో చంద్రవంక ఒడ్డుకు పోయి పుల్లమ్మ ఇల్లెక్కడని అడిగితే, ఏ పుల్లమ్మ అంటారు. ఐసుగడ్డ పుల్లమ్మ అంటే మాత్రం పిల్లకాయలు కూడా వెంటబెట్టుకొని తీసుకెళ్తారు. ఎగతాళికి పెట్టిన పేరు కాదది. మొగుడి కోసం ఒంటరిగా గుంటూరు పోయి ఐసుగడ్డ మోసుకొచ్చిన ఆడది ఆ పేటలో ఇంకొకతె లేదు గనక గౌరవంగానే పెట్టారు. గౌరవంగా పెట్టిన పేరు కూడా గుచ్చుకుంటుందని పెట్టినవాళ్లకేం తెలుసు? పిలిచినప్పుడల్లా పలికేది. పలికి, తలొంచుకొని చేపలు కోసుకునేది.

పల్లెకారుల ఆడకూతురు. మొగుడు యల్లమంద కృష్ణానది మీదికి వేటకు పోయి, వారానికోసారి బండి మీద చేపలు పంపేవాడు. వాటిని ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, సంతలో అమ్మడం పుల్లమ్మ వంతు. పొట్ట చీల్చి కడిగిన చేపను బానలో పరిచి ఒక వరస ఉప్పు, దాని మీద ఇంకో వరస చేప, మళ్లీ ఉప్పు. పైన బండరాయి. అంతే పని. ఆ పనిలో ఆమె చేతికి తిరుగులేదు. రోహిణి ఎండల్లో కూడా ఆమె సరుకు వాసన కొట్టిందని ఎవరూ అనలేదు. ఆమె లెక్కలో లోకమంతా రెండే రకాలు: కుళ్లిపోయేవి, ఉప్పేసినవి.

"నీ చేతికి చిక్కితే నన్ను గూడా ఊరేస్తావే," అనేవాడు యల్లమంద, తడిసిన వల దులుపుతూ.

"నిన్ను ఊరెయ్యాలంటే చినగంజాం ఉప్పు కొటారంతా కావాల. నీ నోటికే సగం బస్తా బట్టుద్ది."

"అట్టయితే నోరు కోసి పారేసి, మిగతాది ఊరెయ్యి."

"నోరు బోతే ఇంక నీలో మిగిలేదేముందయ్యా?"

పక్కనే కూర్చొని వల అల్లుతున్న అత్త మహాలక్ష్మి కళ్లెత్తకుండా నవ్వేది. యల్లమంద ఆమెకు ఒక్కడే కొడుకు. పుల్లమ్మకు పిల్లలు లేరు. ఆ ముగ్గురూ ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేనట్టు బతికారు.

నీళ్ల పక్కనే పుట్టి పెరిగింది గనక నీళ్ల వేషాలన్నీ పుల్లమ్మకు తెలుసు. మార్గశిరంలో కృష్ణ మీద లేచే మంచుపొగ చూసింది. ఎత్తిపోతల కాడ పడే ధార, కిందికి చేరకముందే పొగై లేచి మొహాన కొట్టడం చూసింది. బాన కింద మంట పెడితే నీళ్లు ఎట్లా ఎగిరిపోతాయో చూసింది. రాయిగా మారిన నీళ్లను మాత్రం ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు బజార్లో సోడా కొట్టుకు పెళ్లిళ్ల రోజుల్లో ఐసు వచ్చేదట. యుద్ధం వచ్చి అదీ ఆగిపోయింది.

ఆ యుద్ధం నడిమి వేసవిలోనే యల్లమంద వేట నుంచి ఒళ్లు కాలిపోతూ వచ్చాడు. మామూలు జ్వరమనుకున్నారు. కషాయాలు తాగించారు, మంత్రం పెట్టించారు. జ్వరం దిగలేదు. రోజులు గడిచేకొద్దీ మనిషి మంచానికి అంటుకుపోయాడు. ఎవరెవరితోనో మాట్లాడుతూ, లేని వలను చేతుల్తో లాగడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మను ఇంటికి పిలిచారు. ఆమె నాడి చూసి, కళ్లు చూసి, ఉన్నమాట చెప్పింది.

"సన్నిపాతం. జ్వరం తలకెక్కింది. ఈ రెండు మూడు రోజులు గడిస్తే దిగే అవకాశం ఉంది. అందాకా తల చల్లగా ఉంచాలి. తడిగుడ్డలు చాలవు, ఐసు కావాలి. గుంటూరు ఫ్యాక్టరీలో దొరుకుతుంది." తన సంచిలోంచి ఒక రబ్బరు తిత్తి తీసి ఇచ్చింది. "ఇందులో ఐసు నింపి మూత బిగించి తల మీద పెట్టండి."

పంపడానికి మగదిక్కు లేదు. పుల్లమ్మే బయల్దేరింది. బయల్దేరేముందు మూలనున్న చిన్న బాన తీసుకొని, సగం దాకా కల్లుప్పు పోసి, మూతికి గుడ్డ కట్టి నెత్తిన పెట్టుకుంది. అదెందుకని మహాలక్ష్మి అడగలేదు. ఆ ఇంటికి దూరం నుంచి ఏ వస్తువు వచ్చినా ఉప్పులోనే వస్తుంది.

గుంటూరు ఐసు ఫ్యాక్టరీలో మక్బూల్ అనే ఆయన మేస్త్రీ. చెమటకు తడిసిన బనీను మీద గోనెపట్టా కప్పుకొని, ఇనప కొక్కెంతో ఒక రేకు డబ్బాను పైకి లాగి, నీళ్లలో ముంచి తిరగేశాడు. అద్దంలాంటి దిమ్మ జర్రున జారి నేల మీదికి వచ్చింది. పుల్లమ్మ వేలితో తాకి చప్పున చెయ్యి లాక్కుంది. అంచున విరిగిన ముక్క ఒకటి జారి కాలవలో పడి, మునక్కుండా కొట్టుకుపోయింది.

"రాయి తేలతందేంది సాయిబూ?"

"రాయేందమ్మా, నీళ్లే. గడ్డకట్టినయ్."

మక్బూల్ ఆ దిమ్మను రంపపు పొట్టులో పొర్లించి, గోనెల్లో మూటగట్టాడు. ఎవరికని అడిగాడు. చెప్పింది. ఆయన మొహం కాస్త మారింది. మూటకు ఇంకో గోనె చుట్టాడు.

"దోవలో విప్పమాక. నీళ్లు కారతయ్. కారనీ. పైపైన కారినా లోపల గడ్డ నిలబడుద్ది. ఆ కుండెందుకు?"

"ఇంటికి," అంది పుల్లమ్మ. అది అబద్ధం కాదు. ఆయనా ఇంక అడగలేదు.

రైలు నిండా జనం. కిటికీల్లోంచి వడగాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. పుల్లమ్మ మూటను కాళ్ల మధ్య పెట్టుకొని, దాని మీద కొంగు కప్పి కూర్చుంది. సత్తెనపల్లి దాటేసరికి మూట కింద మడుగు కట్టింది.

"ఏందమ్మాయ్, నీ మూట ఏడస్తంది?" అన్నాడు ఎదురుగా కూర్చున్న ముసలాయన, కాళ్లు పైకి తీసుకుంటూ.

"ఐసు, తాతా. మా ఇంటాయనకి జొరం."

ఆ మాటతో పెట్టెలో అందరూ వంగి చూశారు. ఇంకెంత దూరం పోవాలని ఒకరు, మాచర్లా, అయ్యో అని ఒకరు. "రెంటచింతల దాటాల గదయ్యా, ఆడ ఇనుమే కరుగుద్ది, ఇదెంత," అన్నాడు ఇంకొకడు. ఆ మాట పుల్లమ్మ గుండెలో పడింది. మడుగు వంక చూసింది. కారేదంతా యల్లమంద ఆయుష్షే అనిపించింది. చేప ఒంట్లోంచి రసి కారితే దానర్థమేమిటో ఆమెకు తెలుసు. అది చెడిపోతోందని. చెడిపోయేదాన్ని ఎట్లా నిలబెట్టాలో కూడా తెలుసు.

మూటను గోనెతోనే నేలకేసి కొట్టింది. లోపల దిమ్మ ముక్కలైంది. బానలో ఉప్పును కొంగులోకి వంచుకొని, అడుగున ఒక వరస ఉప్పు, మీద ఐసు ముక్కలు, మళ్లీ ఉప్పు, మళ్లీ ముక్కలు పరిచింది. పెట్టెలో ఒక్కరూ వద్దనలేదు. వద్దనడానికి ఎవరికి తెలుసు? అందరూ ఏటికేడు మామిడికాయ ఊరేసుకునే ఇళ్లవాళ్లే.

"మంచి పనిజేశావే అమ్మాయ్," అంది నడివయసు మనిషి ఒకామె. "ఉప్పేస్తే ఏదైనా నిలవుంటది."

అందరికీ ఋజువు కూడా కనబడింది. కారడం ఆగిపోయింది. బాన పొడిగా ఉంది. పిడుగురాళ్ల దగ్గర చూస్తే బాన బయట తెల్లటి పూత లేచింది. పాత ఉప్పుకుండల మీద ఉప్పు పూయడం పుల్లమ్మకు కొత్త కాదు. తాకితే వేలు బాన మట్టికి అతుక్కున్నంత చలి. పూతను గోటితో గీరి, అలవాటు కొద్దీ నాలుక మీద వేసుకుంది. చప్పగా ఉంది. ఆ చప్పదనం మనసులో ఒక మూల పడిపోయింది. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

ఇంటికి వచ్చి మంచం పక్కన బాన దించింది. యల్లమంద గస పెడుతున్నాడు. మహాలక్ష్మి రబ్బరు తిత్తి తెరిచి పట్టుకుంది. మూతి గుడ్డ విప్పి చూస్తే బాన నిండా నీళ్లు. పైన బెల్లపు ముక్కలంత ఐసు పెచ్చులు తేలుతున్నాయి.

పుల్లమ్మ చేతులు లోపల పెట్టి దేవింది. నీళ్లు ఎముకల్లోకి కొరికాయి. అంత చలి ఆమె ఎరగదు. ఐసుగడ్డను తాకినప్పుడు కూడా అంత కొరకలేదు. పెచ్చుల్ని ఏరి, ఉప్పు పోవాలని కుండలోని మంచినీళ్లతో కడిగింది. కడుగుతుంటేనే సగమైనాయి. మిగిలినవి తిత్తిలో వేస్తే అడుగు కూడా నిండలేదు.

"అత్తా, ఈ నీళ్లు చానా చల్లగుండయ్. పోద్దామా తిత్తిలో?"

మహాలక్ష్మి బానలోకి చూసింది. ఉప్పు వేడి చేస్తుంది. ఆ సంగతి ఆమె అమ్మ చెప్పింది, ఆ అమ్మకు వాళ్ల అమ్మ చెప్పింది. జ్వరమొస్తే పథ్యంలో ఉప్పు తగ్గిస్తారు.

"ఉప్పునీళ్లు జొరమోడి తలకి పెడతారంటే? ఉన్న వేడి చాలదా? పారబొయ్యి."

పుల్లమ్మ బాన ఎత్తి వాకిట్లో కుమ్మరించింది. రోహిణి ఎండకు నెర్రెలిచ్చిన నేల ఆ నీళ్లను గుటకేసింది. తిత్తిలోని పెచ్చులు ఎంతోసేపు నిలవలేదు. మరునాడు పొద్దెక్కకముందే యల్లమంద చేతులు వల లాగడం మానేశాయి.

పేట పేటంతా వచ్చి ఏడ్చింది. ఐసు తెచ్చినా దక్కలేదంటే అంతే రాసిపెట్టి ఉందన్నారు. డాక్టరమ్మ కూడా, ఐసు ఉన్నా తప్పకుండా బతికేవాడని చెప్పలేమంది. పుల్లమ్మకు ఆ మాటలేవీ ఆనలేదు. రాసిపెట్టింది ఏమిటో ఆమె అడగడం లేదు. బానలో ఏం జరిగిందో తెలియాలి, అంతే. తన చేతులతో తను వేసిన ఉప్పు ఐసును కాపాడిందా, చంపిందా?

తెలుసుకోవడానికి చానా కాలం పట్టింది. ఒక పూట పని మానితే ఒక పూట పొయ్యి వెలగని బతుకు. చేపలు అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కొని ఊరేసేది. ప్రతి బాన బయటా ఉప్పు పూసేది. పూసినప్పుడల్లా గోటితో గీరి నాలుక మీద వేసుకునేది. ప్రతిసారీ ఉప్పగానే ఉండేది. ఆనాటి పూత ఒక్కటే చప్పన. ఉప్పు కాకపోతే అదేమిటి? ఆ ప్రశ్న పంటి సందున ఇరుక్కున్న ముల్లులాగా ఉండిపోయింది. నాలుక ఊరికే అటే పోతుంది.

మహాలక్ష్మి మాత్రం ఆ రోజు గురించి ఎత్తేది కాదు. చూపు మందగించి, వల అల్లడం మానేసి, గోడకు చేరగిలబడి కూర్చునేది. యుద్ధం ముగిసిన మరుసటేడు పుల్లమ్మ గుంటూరు పోతానంటే ఎందుకని అడిగింది.

"ఐసు సాయిబును ఒక మాట అడగాల అత్తా."

ముసలామె గోడకు ఆనించిన వీపు ఎత్తి ముందుకు వంగింది. "ఆ నీళ్ల సంగతి గూడా అడుగు," అంది. "పారబొయ్యమంది నేనే గదే."

పుల్లమ్మ అప్పుడు చూసింది అత్త మొహం. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ముల్లు ఒకటే ఉందనుకుంది. రెండున్నాయి.

మక్బూల్ ఆమెను గుర్తుపట్టలేదు. ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారు. తెల్లపూత గురించి అడిగితే నవ్వి, లోపలికి రమ్మన్నాడు. గోడ వెంబడి పోతున్న ఇనప గొట్టాల నిండా తెల్లగా, నురగలాగా మందంగా పూసి ఉంది. పుల్లమ్మ గీరి నాలుక మీద వేసుకుంది.

"ఇదే," అంది.

"గాలిలో ఉండే నీళ్లమ్మా ఇయ్యి. కంటికి కనబడవు. ఐసుకంటే చల్లటి దాన్ని తగిల్తే, నడిమిన నీళ్లుగా అయ్యే పని లేకుండా ఒక్కసారే గడ్డ కడతయ్."

"ఐసుకంటే చల్లటిది ఉంటదా?"

మక్బూల్‌కు ఈ ప్రశ్న ఇష్టం. ఎవరూ అడగరు, అందరికీ గడ్డ కావాలి గానీ దాని సంగతి అక్కర్లేదు. నేల మీద పరిచిన చెక్క మూతల్లో ఒకటి ఎత్తాడు. కింద పెద్ద తొట్టి. నల్లటి నీళ్లు. ఆ నీళ్లలో రేకు డబ్బాలు మెడ దాకా మునిగి ఉన్నాయి.

"డబ్బాల్లో ఉండేయి మంచినీళ్లు. తొట్లో ఉండేయి ఉప్పునీళ్లు. ఉప్పునీళ్ల చలికే మంచినీళ్లు గడ్డ కడతయ్. ఇయ్యి మాత్రం కట్టవు."

"ఉప్పుకు చలెందుకొస్తది సాయిబూ? ఉప్పు వేడి గదా?"

"నేను చదివినోణ్ణి గాదమ్మా. ఇదివరకు ఇంజనీరు ఒకాయన ఉండేవాడు, ఆయన చెప్పిందే నాకు తెల్సు. ఏ వస్తువైనా కంటికి ఆనని నలుసులంట. ఐసులో నలుసులు మా నమాజు వరసల మాదిరి, భుజానికి భుజం ఆనిచ్చి కదలకుండా నిలబడతయ్. నీళ్లలో సంతలో జనం మాదిరి, ఒకర్నొకరు తోసుకుంటా తిరగతయ్. ఆవిరైతే తిరణాల అయిపోయినాక జనం, ఎవరి దోవ వాళ్లది. ఐసు మీద ఉప్పేశావనుకో, ఉప్పు నలుసులు పక్కనజేరి వరసలో ఉన్నోణ్ణి సంతలోకి లాగతయ్. వరస వొదిలి రావాలంటే వేడి గావాల. ఆ వేడిని పక్కనున్న వాటి దగ్గర్నుంచే గుంజుకుంటది. అందుకని కరిగేకొద్దీ ఇంకా చల్లబడుద్ది."

పుల్లమ్మ తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "కరిగితే పాడైనట్టు గాదా?"

"పాడయ్యేదేముంది, నీళ్లు ఆ నీళ్లే, నలుసులు ఆ నలుసులే. నిలబడ్డం మానుకున్నయ్, అంతే."

ఆమె మోచేతి దాకా చెయ్యి తొట్లో పెట్టింది. నీళ్లు ఎముకల్లోకి కొరికాయి. ఆ కొరుకుడు ఆమె చేతికి తెలుసు. బానలో దేవిన చలి అదే. కళ్లు మూసుకున్నా పోల్చుకుంటుంది.

"సాయిబూ, ఈ నీళ్లు రబ్బరు తిత్తిలో పోసి జొరమోడి తల మీద పెడితే?"

"భేషుగ్గా పనిజేస్తది. ఐసుకంటే ఎక్కువ. తిత్తి కింద మందపు గుడ్డెయ్యాల, అంతే, లేకపోతే చర్మం కమిలిపోద్ది." అని, ఆమె చెయ్యి ఇంకా తొట్లోనే ఉండటం చూసి కంగారుపడ్డాడు. "తియ్యమ్మా, చెయ్యి మొద్దుబారుద్ది. ఎవరికి జొరం?"

ఆమె చెయ్యి తీయలేదు. మాచర్ల రైలు, బాన, వాకిలి, అంతా చెప్పింది. వరసగా, సంతలో బేరం చెప్పినట్టు చెప్పింది. మక్బూల్ వంగి ఆమె చెయ్యి పట్టుకొని పైకి లాగాడు. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అది గాదమ్మా," అన్నాడు. "సన్నిపాతానికి ఐసు మందు గాదు గదా. చల్లదనం కొంచెంసేపు ఉంటది, పోతది. పెట్టినా ఏమో... పైగా దోవలో ఎండకి ఆ నీళ్లు కూడా వేడెక్కే ఉంటయ్..."

"కొరికినయ్ సాయిబూ. ఇప్పుడు కొరికినట్టే." పుల్లమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నువ్వు ముందు జెప్పిందే నిజం. ఇప్పుడు జెప్పేది నా మొహం జూసి జెప్తన్నావు."

మక్బూల్ మూత తెచ్చి తొట్టి మీద వేశాడు.

తిరుగు రైల్లో కిటికీలోంచి పొలాలు పోతున్నాయి. తాను ఐసును చంపిందనుకుంటూ ఇన్నేళ్లు బతికింది. అది నిజమే అయి ఉంటే బాగుండేది. తెలియక ఉప్పేసింది, కరిగిపోయింది అనుకొని ఏదో ఒకనాటికి ఊరుకునేదేమో. కానీ ఆమె చేతులు తప్పు చేసి కూడా మందే తయారు చేశాయి. మందు ఇంటిదాకా వచ్చింది, తిత్తి తెరిచే ఉంది, మనిషి ఊపిరితోనే ఉన్నాడు. పోద్దామా అని అడిగింది కూడా. అడిగి, వద్దంటే మానేసింది. చెయ్యి చెప్పిన మాట వినకుండా చెవి విన్న మాట విన్నది.

ఇల్లు చేరేసరికి మహాలక్ష్మి గడపలోనే ఉంది. పొద్దుటి నుంచి అక్కణ్ణించి లేవలేదని పక్కింటివాళ్లు చెప్పారు. అడుగుల చప్పుడుకు మొహం అటు తిప్పింది.

"ఏమే, ఏం జెప్పాడు?"

పుల్లమ్మ కాళ్లు కడుక్కుంది. తుడుచుకుంది. వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"ఉప్పేస్తే ఐసు ఇంకా తొందరగా కరుగుద్దంట అత్తా. నేనే చెడగొట్టా."

"ఆ నీళ్లు?"

"ఉత్త ఉప్పునీళ్లేనంట. ఉంచుకున్నా అక్కరకొచ్చేయి గావంట. పారబొయ్యటమే మంచిదన్నాడు."

ముసలామె గుండెల్లోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. భుజాలు దిగాయి. తడుముకుంటూ కోడలి చెయ్యి అందుకొని నిమిరింది.

"నీకేం తెల్సే పిచ్చిదానా. తెలియక జేశావు. చెయ్యేందే ఇంత చల్లగుండాది?"

"బాయి కాడ కడుక్కున్నా."

"ఆకలైతంది నాకు," అంది మహాలక్ష్మి. ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో. పుల్లమ్మ లేచి జొన్న సంగటి పిసికి, పులుసు పోసి, కంచం చేతికందించింది. ముసలామె వంగి, పిల్లల మాదిరి గబగబా తిన్నది. కంచం అడుగంటా వేళ్లతో తుడిచి, ఇంకొంచెం పెట్టమని చాపింది. పుల్లమ్మ ఇంకొంచెం పెట్టింది. పెట్టి, అత్త తింటున్నంతసేపూ ఎదురుగా గోడకానుకొని కూర్చుంది. ఇక అసలు సంగతి మాట్లాడుకోవడానికి ఆ ఇంట్లో మనిషి లేదు.